గాలికి దారం కట్టడానికి సూరత్ వెళ్ళాను

సూరత్ వెళ్ళొచ్చానని తెలియగానే మా కాలేజీ స్టాఫ్ రూములో అందరూ ఒకటే అడిగారు. "చీరలు ఏమైనా తెచ్చారా?" తేలేదు. చీరల ఊరికి పోయి చీర లేకుండా తిరిగొచ్చిన మనిషిని మా ఇంట్లో కూడా ఇంకా అనుమానంగానే చూస్తున్నారు. అక్కడ నేనేం వెలగబెట్టానో ఒకసారి వివరంగా రాసిపెడితే, అడిగిన వాళ్ళందరికీ ఈ కాగితాలే చేతిలో పెట్టొచ్చని కూర్చున్నాను.

నేను వరంగల్ పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. వయసు నలభై ఏడు. పీహెచ్‌డీ మొదలుపెట్టి ఇది పదకొండో సంవత్సరం. బండ్లు గాలిని ఎలా తోసుకుని పోతాయి, ఆ తోపులాటలో ఎంత డీజిల్ దండగవుతుంది అన్నది నా విషయం. అందులోనూ కార్లూ విమానాలూ కాదు, సరుకులు మోసే చిన్న టెంపోలు. పెళ్ళిళ్ళలో ఎవరైనా "దేని మీద పరిశోధన?" అని అడిగితే "టెంపోల మీద" అంటాను. వాళ్ళు మర్యాదగా పక్కవాళ్ళ పిల్లల చదువుల గురించి అడగడం మొదలుపెడతారు.

నాకు ఈ పిచ్చి అంటించింది మా సార్. కంప్యూటర్లు చేతికి రాని రోజుల్లో ఆయన బస్సుల మీద ఉన్ని దారపు ముక్కలు అతికించి, పక్కనే ఎవరిదో స్కూటరు వెనక కూర్చుని పోతూ, ఏ దారం ఎటు ఊగిందో పెన్సిలుతో బొమ్మలు గీసుకున్నారు. "గాలి కనబడదు కదా, అందుకని దానికి దారం కట్టు" అనేవారు. దారం బండికి ఆనుకుని వెనక్కి పడుకుంటే అక్కడ గాలి బుద్ధిగా పోతున్నట్టు. గిరగిరా తిరిగినా, ఎదురు మళ్ళినా అక్కడ సుడి లేచి బండిని వెనక్కి లాగుతున్నట్టు. ఆయన రిటైరయ్యాక నాకు గైడుగా వచ్చినాయన నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. మంచివాడే. కానీ నా రెఫరెన్సుల జాబితా చూసి, "మ్యూజియంలో తిరిగినట్టుందండీ. గత ఐదేళ్ళలో వచ్చినవి ఉంచి, పాతవి కత్తిరించెయ్యండి" అన్నాడు.

రెండో అలలో మా సార్ కరోనాతో పోయారు. లాక్‌డౌన్, భయం, రెండూ ఉన్నాయి, నేను చివరిచూపుకు వెళ్ళలేదు. వారం తిరక్కుండానే జాబితాలోంచి ఆయన పేరున్న వరుసను తీసేశాను. ఒక్క మీట నొక్కితే పోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి సిగ్గేసింది. కొన్నాళ్ళకు వాళ్ళావిడ పిలిచి, "నీకిమ్మన్నారు" అంటూ ఆయన చేతిరాత నోటుపుస్తకం ఒకటి ఇచ్చారు. అట్ట ఊడి, కాగితాలు విడిపోతున్న పుస్తకం. తెరవడానికి ముఖం చెల్లక అలాగే సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను.

ఇంతలో నా పీహెచ్‌డీ కమిటీ వాళ్ళు కబురు పెట్టారు. కంప్యూటర్ బొమ్మలు బాగున్నాయి, నిజం బండి మీద ఒక్కసారైనా చేసి చూపించాలి, శుక్రవారం ఆన్‌లైన్లో చివరి సెమినార్, లేదంటే రిజిస్ట్రేషన్ రద్దు. రద్దయితే జూన్ నుంచి రానక్కర్లేదని కాలేజీ యాజమాన్యం అప్పటికే నవ్వుతూ చెప్పి ఉంది. నాకు తెలిసినవాళ్ళలో సొంత టెంపో ఉన్న మనిషి ఒక్కడే, సూరత్‌లో మా మేనత్త కొడుకు రాజేశం బావ. రెండో అల వెళ్ళి, మూడోది ఇంకా రాని ఆ డిసెంబరు సందులో రైలెక్కాను.

కాజీపేటలో ఎక్కిన తొట్టి

నా కంప్యూటర్ పదకొండు రోజులు లెక్కలు వేసి ఒక సంగతి తేల్చింది. టెంపో కేబిన్ నెత్తిన ఉబ్బెత్తు మూత ఒకటి బిగిస్తే గాలి లోడు మీదుగా జారిపోతుంది. ఆ పదకొండు రోజులూ లాప్‌టాప్ వేడెక్కకుండా కింద ఇడ్లీ రేకులు పెట్టాను కాబట్టి మా ఇంట్లో ఇడ్లీలు బందు. ఇంత త్యాగంతో పుట్టిన మూతను వినాయకుడి బొమ్మలు చేసే ఫైబర్ షాపులో పోత పోయించాను. రెండేళ్ళుగా వినాయకులకు గిరాకీ లేక అతను ఖాళీగానే ఉన్నాడు. చేతి అలవాటు కొద్దీ పొట్ట కాస్త ముందుకొచ్చింది, అంతే.

అహ్మదాబాదు పోయే రైల్లో ఆ మూతను సీటు కింద పెడితే పట్టలేదు, పైన పెడితే ఆగలేదు. దారి మధ్యలో పెట్టుకుని కూర్చున్నాను. చాయ్ అమ్మేవాళ్ళు దాన్ని దాటుతూ నన్ను రకరకాల భాషల్లో తిట్టారు. ఎదురు సీట్లో చంటిపిల్లతో ఒకామె ఉంది. భర్త సూరత్ పక్కన వడోద్‌లో ఉంటూ మిల్లులో పనిచేస్తాడట. చాలాసేపు మూతను, నన్ను మార్చి మార్చి చూసి చివరికి అడిగేసింది.

"అన్నా, గీ తొట్టి ఎంతవడ్డది?"

"తొట్టి కాదమ్మా. టెంపో మీద పెట్టే మూత. గాలి కోసం."

"గట్లనా. మరి జర సేపు మా పిల్లను పండవెట్టుకోనా? ఒళ్ళె పండుతలేదు."

పాత చీర మడిచి అందులో పరిచి పిల్లను పడుకోబెట్టింది. రైలు ఊపుకు మూత కూడా ఊగింది. బల్లార్షా దగ్గర నిద్రపోయిన పిల్ల భుసావల్‌లో అరటిపళ్ళవాడి కేకకు గాని లేవలేదు. నా పదకొండేళ్ళ పరిశోధన మొదటిసారి లోకానికి పనికొచ్చింది అప్పుడే. అరటిపళ్ళు డజను నలభై అన్నారు. ఆమె బేరమాడి రెండు డజన్లు అరవైకి తీసుకుని, తొట్టికి అద్దె కింద నాకు ఆరు పళ్ళిచ్చింది.

లింబాయత్‌లో నా బొత్తాం

సూరత్‌కు ముందున్న ఉధ్నా స్టేషన్‌లో దిగేసరికి బావ మాస్కు గడ్డం కిందికి లాగి నిలబడి ఉన్నాడు. మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోతే ఇంటిల్లిపాదినీ ఇదే టెంపోలో ఎక్కించుకుని మన ఊరికొచ్చి, నాలుగు నెలలుండి, మళ్ళీ ఇదే టెంపోలో సూరత్ చేరినవాడు. ఆ బండి అంటే బావకు ప్రాణం. నా మూతను చుట్టూ తిరిగి చూశాడు.

"ఏంది బామ్మర్ది, మా బండికి కడుపు తెచ్చినవా?"

"గాలి మీదికెల్లి పోతది బావా. డీజిల్ తక్కువ తాగుతది."

"పోతే మంచిదే. పోకుంటే?"

"కంప్యూటర్ చెప్పింది."

"కంప్యూటర్ ఏం బండి నడుపుతది?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా మూతను వెనక పడేశాడు.

బావ ఉండేది లింబాయత్ అనే వాడలో. సందులు ఎంత ఇరుకంటే, ఎదురుగా షేర్ ఆటో వస్తే మనం ఎవరో ఒకరి గుమ్మంలోకి తప్పుకోవాలి. వాళ్ళు "రండి" అంటారు కూడా. కింది గదుల్లో మగ్గాలు టకటకలాడుతుంటాయి, పై గదుల్లో సంసారాలు. ఆ చప్పుడుకు మొదటి గంట తల తిరిగింది. ఆ తర్వాత కరెంటు పోయి మగ్గాలు ఆగితే నాకే ఏదో తక్కువైనట్టు అనిపించింది. మగ్గాల పనికి వచ్చి స్థిరపడ్డ మనవాళ్ళు ఎక్కువ కాబట్టి ఇక్కడ సకినాలూ సర్వపిండీ అన్నీ దొరుకుతాయి, కల్లొక్కటే దొరకదు. గుజరాత్‌లో మందు నిషేధం కదా. బావ ఆ మాట వచ్చినప్పుడల్లా పోయినవాళ్ళను తలుచుకున్నట్టు ఒక నిమిషం ఊరుకుంటాడు.

మా మేనత్త నర్సవ్వ గుమ్మంలో చీరల కుప్ప మధ్య కూర్చుని ఉంది. డెబ్బై దాటాయి. ఎంబ్రాయిడరీ అయిన చీరల మీద మిగిలిపోయిన దారపు కొసలన్నీ కత్తిరించి శుభ్రం చేయడం ఆమె పని. దానికి అక్కడ ధాగా కటింగ్ అని పేరు. ఆ వాడలో సగం మంది ఆడవాళ్ళ చేతుల్లో అరచేతిలో ఇమిడే ఆ చిన్న కత్తెరే ఉంటుంది. నన్ను దగ్గరికి పిలిచి, తల నిమిరి, "ఎంత ఎండిపోయినవ్ అల్లుడా" అంటూనే నా చొక్కా మీద వేలాడుతున్న దారం ఒకటి చూసి టక్కున కత్తిరించింది. బొత్తాం ఊడి కింద పడింది.

"కంపెనీ కుట్టు. గట్టిగ లేదు," అంది అత్తమ్మ.

అత్తమ్మ కత్తెర

బుధవారం పొద్దున్నే పని మొదలుపెట్టాను. బావ టెంపోకు వెనకాల ఇనుప చట్రం కట్టి, మీద టార్పాలిన్ బిగించి ఉంటుంది. ఊరి బయట జోల్వాలోని మగ్గాల షెడ్ల నుంచి గుడ్డ తానులు తెచ్చి మార్కెట్‌లో దింపడం ఆయన రోజువారీ పని. కేబిన్ నెత్తిన మూత బిగించాం. దారాల కోసం వెతుక్కునే అవసరమే లేదు, ఆ సందులో ఎటు చెయ్యి చాపినా పాలిస్టర్ దారమే. జానెడు ముక్కలు నూట అరవై కోసి, ఒక్కొక్కదాన్నీ ఒక కొసన టేపుతో బండికి అతికించాను. మూడు గంటలు పట్టింది. నడుం పట్టేసింది కానీ టెంపోను చూస్తే ముచ్చటేసింది. బావా నేనూ లోచో తినడానికి సందు మూలకు వెళ్ళాం.

లోచో అంటే శనగపప్పు పిండి ఉడకబెట్టి, నూనె, కారప్పొడి, సేవ్ అనే సన్న కారప్పూస చల్లి ఇస్తారు. ఢోక్లా చేయబోయి చెడగొట్టిన దాన్నే అమ్ముకున్నారని బావ చెప్పాడు. ప్లేటు ముప్పై. చెడిపోయిన దాంట్లో అంత రుచి ఉంటుందని నాకు తెలియదు, రెండో ప్లేటు కూడా తిన్నాను. ఆ రెండో ప్లేటే నా కొంప ముంచింది.

తిరిగొచ్చేసరికి టెంపో నున్నగా ఉంది. నూట అరవై దారాల్లో ఒక్కటి లేదు. టేపు ముక్కలు మాత్రం వరుసగా మిగిలాయి, మీద ఆవగింజంత దారం కూడా లేకుండా. బండి చుట్టూ అత్తమ్మ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు కత్తెర్లు పట్టుకుని, పని పూర్తయిన తృప్తితో నిలబడి ఉన్నారు.

"అత్తమ్మా! నా దారాలేవి?"

"కోసేసినం బిడ్డా. ఎంత గలీజుగున్నదో బండి. ఎవలు అట్ల ఇడిషిపెట్టిండ్రో గని."

"నేనే అంటించిన! పొద్దటిసంది గదే చేసిన!"

నలుగురూ నన్ను జాలిగా చూశారు. అత్తమ్మ మాత్రం తగ్గలేదు. "నీకు ఎరుక లేదు. మా పనికి ఒకటే లెక్క. దారం ఒక దిక్కు అంటుకోని ఇంకో దిక్కు యాలాడుతుంటె కోసుడే. రెండు దిక్కుల పట్టుకోనుంటె మాత్రం ముట్టద్దు. ముడితె గుడ్డకు బొక్క పడతది. నీయి అన్ని ఒక దిక్కే ఉన్నయ్. కోసినం."

గాలికి దారం కట్టడం గురించి వివరించాను. ఆమె అంతా విని, "ముందుగాల చెప్పద్దా" అని ఆ ముగ్గురినీ మళ్ళీ కూర్చోబెట్టింది. నాకు మూడు గంటలు పట్టిన పని వాళ్ళు ముప్పావు గంటలో ముగించారు. నా వరుసలు వంకర, వాళ్ళవి కొలబద్ద పెట్టి గీసినట్టున్నాయి.

షేర్ ఆటోలో ప్రయోగం

దారాలు ఎలా ఊగుతున్నాయో వీడియో తీయాలంటే టెంపో పక్కనే ఇంకో బండి పోవాలి. బావ తనకు తెలిసిన ఆటో సలీం భాయ్‌ని మాట్లాడాడు. నాలుగు వందలకు మొత్తం ఆటో నాదే అనుకున్నాను. సలీం భాయ్ అలా అనుకోలేదు. మలుపు దాటకముందే ఇద్దరిని ఎక్కించాడు, ఆ తర్వాత గంపతో ఒకామెను. నేను బయటికి వంగి ఫోను పట్టుకుంటే ఆ గంప నా ఒళ్ళో ఉంది. అందులో పోంక్. లేత జొన్న కంకులు కాల్చి దులిపిన గింజలు, అంటే మన ఊచబియ్యమే. మన దగ్గర చేను గట్టు మీద కూర్చుంటే ఊరికే పిడికిట్లో పోస్తారు. ఇక్కడ సేవ్ కలిపి, నిమ్మకాయ పిండి, పావు కిలో లెక్కన జీడిపప్పు ధరకు అమ్ముతారు. మనవాళ్ళు ఇంత ఖరీదైన దాన్ని తింటున్నామని తెలియకుండానే తిన్నారు పాపం.

దారిలో కడోదరా దగ్గర పోలీసాయన టెంపోను ఆపాడు. చుట్టూ తిరిగి దారాలు చూసి, "ఆ షూ ఛే?" అన్నాడు. ఇదేమిటని గుజరాతీలో అడగడం. నేను ఆటో దిగి గాలి, సుడి, పరిశోధన అని మొదలుపెట్టాను. ఆయన ముఖంలో అనుమానం పెరుగుతోంది. బావ నన్ను పక్కకు జరిపి చేతులు కట్టుకున్నాడు.

"సాహెబ్, నజర్ కా ధాగా హై." దిష్టి దారాలన్నమాట.

"ఇత్‌నా సారా?" ఇన్నెందుకని అడిగాడు.

"దో సాల్ సే బహుత్ నజర్ లగీ హై సాహెబ్."

రెండేళ్ళుగా దిష్టి బాగా తగిలిందని బావ మాట. ఆ రెండేళ్ళు పోలీసాయనకూ గుర్తొచ్చి ఉంటాయి. వెళ్ళమని చెయ్యి ఊపాడు.

అక్కణ్ణుంచి జోల్వా దాకా నా ఆనందం చెప్పలేను. ఏ దారమూ కదలడం లేదు. పైనా, పక్కనా, మూల మీదా అన్నీ బండికి అతుక్కుని బుద్ధిగా పడుకున్నాయి. మూత గెలిచింది, కంప్యూటర్ గెలిచింది, నేను గెలిచాను. ఆటోలో ఉన్నవాళ్ళందరికీ నా ఖర్చుతో చాయ్ ఇప్పించాను. చాయ్ తాగుతుండగా గంప ఆమె హిందీలో అడిగింది. "భయ్యా, బండి ఆగి ఉంది కదా. మరి ఇప్పుడెందుకు వెనక్కి పడుకున్నాయి?"

చూశాను. గాలి లేదు. బండి నిలబడి ఉంది. దారాలు మాత్రం ఇంకా అలాగే అతుక్కుని ఉన్నాయి. చలికాలపు పొడి వాతావరణానికి పాలిస్టర్ దారం, దువ్వెనకు కాగితం ముక్క అంటినట్టు టార్పాలిన్‌కు అంటుకుపోయింది. ఇంకో రెండు రోజుల్లో సెమినార్, నా చేతిలో ఉన్న వీడియో అంతా అబద్ధం. నోట్లో చాయ్ చేదెక్కింది. అప్పుడు, వేరే దిక్కు లేక, సంచిలోంచి సార్ నోటుపుస్తకం తీశాను.

మొదటి పేజీలో పెన్సిలుతో ఇలా ఉంది: "ఉన్ని దారమే వాడు. నైలాన్ బండికి అంటుకుని అబద్ధం చెబుతుంది. నేను ఒక వారం మోసపోయాను."

ఆ ఆఖరి వాక్యం చదివి నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. మాస్కు ఉంది కాబట్టి రెండూ దాగిపోయాయి. ఈ మాటలు రాసిన మనిషినే నేను పాతబడ్డాడని జాబితాలోంచి తీసేశాను.

బావ మంకీ క్యాపు

సూరత్‌లో సాయంత్రం ఆరింటికి ఉన్ని దారం దొరకబుచ్చుకోవడం అంత తేలిక కాదు. చలి ఉంటే కదా ఉన్ని ఉండేది. ఇల్లంతా వెతికితే దొరికింది ఒకటే, బావ మంకీ క్యాపు. ఎర్రది. లాక్‌డౌన్‌లో రాత్రిళ్ళు టెంపో నడుపుకుంటూ ఊరికి వచ్చినప్పుడు గాలికి పెట్టుకున్నదట. బావ దాన్ని రెండు చేతులా పట్టుకుని వెనక్కి జరిగాడు.

"నా నెత్తి సంగతేంది?"

"గీ ఊర్ల చలెక్కడిదిరా," అంది అత్తమ్మ. టోపీ లాక్కుని, కొస ఎక్కడుందో ఒక్క చూపులో పట్టి లాగింది. చూస్తుండగానే టోపీ ఉండ అయిపోయింది. బావ ఆ ఉండను చూసి నిట్టూర్చి, గురువారం తెల్లారాక దారాలు అతికించేటప్పుడు మాత్రం అందరికంటే ముందు తనే కూర్చున్నాడు.

ఈసారి దారాలు నిజం చెప్పాయి. ఖాళీ బండి జోల్వాకు పోతుంటే మూత వెనక ఉన్నవన్నీ పిచ్చెక్కినట్టు ఎదురు తిరిగాయి. తిరుగు ప్రయాణంలో నిండు లోడుతో పైన బాగానే ఉన్నాయి గాని, చట్రానికి ముందున్న రెండు పక్క మూలల దగ్గర గిరగిరా తిరిగాయి. బావతో చెప్పాను.

"మా బండి సగం దూరం ఖాళీగనే పోతది బామ్మర్ది. లోపల సరుకు లేకుంటె టార్పాలిన్ గుంట పడతది. గీ ముచ్చట నీ కంప్యూటర్‌కి చెప్పినవా?"

చెప్పలేదు. నా కంప్యూటర్‌లో టెంపో ఎప్పుడూ నిండుగానే ఉంది, టార్పాలిన్ అద్దంలా నున్నగా ఉంది. అది పాపం నేను అడిగిన దానికి సరిగ్గానే జవాబు చెప్పింది. నేను అడిగిందే తప్పు. సార్ పుస్తకంలో మధ్య పేజీల్లో రెండు మాటలు గీత కింద గీత గీసి ఉన్నాయి: "ముందు డ్రైవరును అడుగు. మూలలు పదునుగా ఉంచకు, పిడికిలంత గుండ్రం చాలు, అంతకు మించి చేసినా ఉపయోగం లేదు." ఆ తరం వాళ్ళు బస్సుల మీదా వ్యానుల మీదా ఎప్పుడో కనిపెట్టిన సంగతే ఇది. నేనూ చదివాను, పాఠం కూడా చెప్పాను. నా బండి దగ్గరికి వచ్చేసరికి పాతదని పక్కన పెట్టాను.

పిడికిలంత గుండ్రం ఎక్కడ దొరుకుతుంది? మళ్ళీ జోల్వా పోయాం. మగ్గాల షెడ్డు వెనక గుడ్డ చుట్టే లావుపాటి అట్ట గొట్టాలు గుట్టగా పడి ఉన్నాయి. బావ మూడు గొట్టాలు ఏరి, రంపంతో నిలువునా చీల్చి, చట్రం ముందు అంచులకు రెండు పక్కలా, పైనా తొడిగి, మీద టార్పాలిన్ లాగి తాడు బిగించాడు. మూత ఊడదీశాం. ఆఖరి బోల్టు మాత్రం బావ చేత తీయించానని ఒప్పుకుంటాను. దాని కోసం ఇడ్లీలు మానేశాం మరి.

అప్పుడు బయల్దేరాం. ఆటోలో నుంచి చూస్తే ఎర్ర దారాలు పైనా పక్కలా వెనక్కి పడుకుని, వేగం పెరిగేకొద్దీ సన్నగా వణుకుతూ, బండి నెమ్మదిస్తే కిందికి వాలుతూ ఉన్నాయి. నిండు లోడుతో వంతెన ఎక్కుతుంటే బావ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. "బామ్మర్దీ! నాలుగో గేర్లనే ఎక్కింది! రోజు మూడోది ఏస్త ఈడ!"

సలీం భాయ్ హారన్ కొట్టాడు. ఆటోలో ఉన్నవాళ్ళకు ఏమీ అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టారు.

శుక్రవారం

సెమినార్ అత్తమ్మ గదిలోనే. కింద మగ్గాలు, పైన నేను, పక్కన చీరల కుప్పలో అత్తమ్మ. ఫోను పిండి డబ్బాకు ఆనించి పెట్టాను. తెర మీద కమిటీ పెద్ద అయిన ప్రొఫెసర్ మేడం, ఇంకో ఇద్దరు, మా గైడు. వీడియోలు చూపించాను. మూత ఓడిన సంగతీ, గొట్టాలు గెలిచిన సంగతీ చెప్పాను. వంతెన మీద గేరు ముచ్చట చెబితే ఒకాయన దానికి యూనిట్ ఏమిటని అడిగాడు. "గేరు, సార్" అన్నాను. ఆయన రాసుకున్నాడో లేదో తెలియదు.

మా గైడు, "మీ మొదటి సిమ్యులేషన్‌లో ఆ మూలల దగ్గర సుడి ఉందని ఎర్రగా వచ్చింది, గుర్తుందా? లెక్క తప్పిందేమో, తీసేయమని నేనే అన్నాను" అన్నాడు. అంతమంది ముందు అలా ఒప్పుకున్నందుకు ఆయన మీద నాకు గౌరవం కలిగింది. కంప్యూటర్ కూడా నిజం చెప్పింది, మేమిద్దరం కలిసి దాని నోరు మూయించాం.

చివరికి జాబితా దగ్గరికి వచ్చాం. ముందురోజే సార్ వరుసను, ఈసారి ఆయన నోటుపుస్తకం పేరుతో, తిరిగి చేర్చాను, అందరికంటే పైన, ఒకటో నంబరుగా. మేడం కళ్ళద్దాలు సవరించుకున్నారు. "ఈ ఒకటోది అచ్చు కాని నోటుపుస్తకం. ముప్పై ఏళ్ళు దాటింది. పాతవి కత్తిరించమన్నారు కదా మిమ్మల్ని?"

కత్తిరించడం అనే మాటకు పక్కన అత్తమ్మ చెయ్యి ఆగింది.

"ఒకసారి కత్తిరించాను మేడం," అన్నాను. "సార్ పోయిన వారానికే. తప్పు చేశాను. ఇక్కడ వీళ్ళ పనిలో ఒక లెక్క ఉంది. దారం ఒక కొసనే అంటుకుని వేలాడుతుంటే కోసేస్తారు. రెండు కొసలా పట్టుకుని ఉంటే ముట్టుకోరు, ముట్టుకుంటే గుడ్డకు చిల్లు పడుతుంది. మా సార్ రాసిన దానికి ఒక కొస ఆయన బస్సు దగ్గరుంది, రెండో కొస నిన్నటి టెంపో దగ్గరుంది. అందుకని కొయ్యలేను."

మేడం అడిగారు. "ఆ లెక్క ఎవరిది?"

"మా మేనత్తది మేడం."

అత్తమ్మ ఫోను ముందుకు వంగింది. "నమస్తే అమ్మా. రెండు దిక్కుల గుంజి చూసినంక కొయ్యాలె. నేను గూడ ఈన దారాలు చూడకుంటనే కోసిన. తప్పయింది."

మేడంకి మాస్కు లేదు కాబట్టి నవ్వు కనిపించింది. "ఉంచండి," అన్నారు. "ఆ మిగతా జాబితా కూడా అలాగే గుంజి చూసి పంపండి. కొత్తవి కూడా."

మా గైడు ఆ సాయంత్రం ఫోను చేసి, కమిటీ ఒప్పుకుందని చెప్పి, నోటుపుస్తకం ఫొటోలు తీసి పంపగలరా అని అడిగాడు. పంపుతూ కూర్చుంటే బావ మా మూతలో బట్టలు నానబెడుతూ కనిపించాడు. అది ఇప్పటికీ వాళ్ళింట్లోనే ఉంది, బాగా పనికొస్తోందట.

తిరుగు రైలు

రైలు కదిలాక సంచి విప్పాను. అత్తమ్మ పెట్టిన సర్వపిండి, బావ పెట్టిన పోంక్ పొట్లం, అడుగున సార్ పుస్తకం. చేతిలోకి తీసుకుంటే ఏదో తేడాగా అనిపించింది. విడిపోతున్న కాగితాలు విడిపోవడం లేదు. పుస్తకం వీపు దగ్గర వేలాడుతుండే పాత దారాన్ని నేనే ఎన్నోసార్లు తెంపి పారేద్దామనుకున్నాను. అత్తమ్మ దాన్ని కొయ్యలేదు. సంచి సర్దేటప్పుడు రెండు దిక్కులా గుంజి చూసి ఉంటుంది. ఆ పాత దారానికే మంకీ క్యాపులో మిగిలిన ఎర్ర ఉన్నిని ముడివేసి, అట్ట నుంచి అట్ట దాకా పుస్తకమంతా గట్టిగా కుట్టి పెట్టింది.

ఇంట్లో అడిగితే అదే చూపిస్తున్నాను. సూరత్ నుంచి నేను తెచ్చిన కుట్టుపని అదొక్కటే.